గూడు వదిలిన పురుగు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి పెద్దలంతా ఓపిక కావాలి, కళ్ళు బాగుండాలి అని చెప్తారు. నేనైతే భయం కావాలంటాను. కొండవాగులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి రాయి తిరగేసే ముందు, దాని అడుగున ఏముంటుందో ఏముండదో అని మీ గుండె ఒక్క క్షణం ఆగాలి. అలా ఆగని రోజున ఈ పని మానేసి బ్యాంకులో చేరండి. అక్కడ ఫ్యాను కూడా ఉంటుంది.

నేను పనిచేసింది జంషెడ్‌పూర్‌లో, బిష్టుపూర్‌లో ఒక మేడ మీదుండే నీటి పరీక్షల లేబొరేటరీలో. మిగతావాళ్ళంతా నీళ్ళని సీసాలో పట్టి పరీక్షిస్తే, నేను ఆ నీళ్ళలో బతికే పురుగుల్ని చూసి నీళ్ళ సంగతి చెప్పేదాన్ని. ఆఫీసులో అందరికీ నేను కీడేవాలీ మేడం, అంటే పురుగుల మేడం. మా చర్చిలో ఆడవాళ్ళు నాతో కరచాలనం చేశాక చీర కొంగుకి చెయ్యి తుడుచుకునేవారు. నాకెప్పుడూ కోపం రాలేదు. వచ్చినా ఏం చేస్తాను?

ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు నాకంటే ముందు మేనేజరయ్యారు అనేవి మీకనవసరం. ఇప్పుడు సీతారాండేరాలో మా ఇంటి వరండాలో కూర్చుని తలుచుకుంటే నాకూ అనవసరమే. ఒక పురుగు గురించీ, ఒక రోజు గురించీ చెప్తాను. ఈ పనంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

దాని పేరు

ఇంగ్లీషులో కాడిస్ ఫ్లై అంటారు. తెలుగులో దీనికి పేరుందో లేదో నాకు తెలీదు. మా ఇంట్లో మాత్రం గూటిపురుగు అనేవాళ్ళం. రెక్కలొచ్చాక చూస్తే బూడిదరంగు చిమ్మటలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. రెక్కలు రాకముందు దాని బతుకంతా నీళ్ళలోనే. ఒళ్ళంతా మెత్తన, తల మాత్రం గట్టి. ఆ మెత్తటి ఒంటిని దాచుకోడానికి నోట్లోంచి పట్టుదారం తీసి, ఇసుక పలుకులు ఒక్కొక్కటే అతికించి గొట్టంలాంటి గూడు కట్టుకుంటుంది. ఎక్కడికి వెళ్ళినా ఆ గూడు ఈడ్చుకుంటూనే వెళ్తుంది.

ఇందులో చాలా జాతులున్నాయి. నేను చెప్పేది దల్మా కొండల్లో చల్లగా, నీడగా పారే వాగుల్లో ఉండే జాతి. ఆ కొండరాళ్ళలో అభ్రకం ఉంటుంది కాబట్టి దాని గూడు ఎండ పడితే మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరిదో ముక్కుపుడక పడిపోయిందనుకున్నాను.

దానికి చల్లని నీళ్ళు కావాలి, పారే నీళ్ళు కావాలి, శుభ్రమైన నీళ్ళు కావాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా బతకదు. రాయి తిరగేసినప్పుడు గూళ్ళు అంటుకుని ఉండి, వాటిలోంచి చిన్న తల బయటికొచ్చి, నన్ను చూసి చటుక్కున లోపలికి పోతే, ఆ నీళ్ళు మంచివని రాసేదాన్ని.

ఘోష్ సారు సీసా

మా పైఅధికారి ఘోష్ సారు రసాయనశాస్త్రం మనిషి. చెడ్డవాడు కాదు. మా పనివాళ్ళ పిల్లలకి పెన్సిళ్ళు కొనిచ్చేవాడు, ఎవరింట్లో జ్వరమొచ్చినా కబురు కనుక్కునేవాడు. ఆయన నమ్మకమంతా సీసా మీదే. నేను పురుగుల సంగతి ఎత్తితే, "సరోజినీ జీ, బోతల్ మే క్యా ఆయా, వో బతాయియే," అనేవాడు. సీసాలో ఏమొచ్చిందో అదే చెప్పమనేవాడు.

ఆయనకి ఎన్నోసార్లు ఒకే మాట చెప్పాను. సీసాలో ఉండేది మనం ముంచిన క్షణంలో పారుతున్న నీళ్ళు. అంతకుముందు వెళ్ళిపోయిన నీళ్ళు అందులో ఉండవు. పురుగు రాత్రీ పగలూ అక్కడే ఉంటుంది, ఏది వచ్చినా దాని ఒంటి మీదనుంచే పోవాలి. ఆయన నవ్వి టీ తెప్పించేవాడు. నా తీర్పు ఏమిటంటే, తెలివైన మనిషి తనకి చేతనైన పరికరాన్ని దాటి ఆలోచించడం చాలా కష్టం. మీ పైఅధికారి కూడా అలాగే ఉంటాడు. పోట్లాడండి, కానీ టీ తాగి పోట్లాడండి.

ఎర్రటి మొప్పలు

నా చెల్లెలు రత్నం దల్మా కొండ కింద ఒక బాలికల హాస్టల్‌కి వార్డెను. కొండ ఊళ్ళ పిల్లలు అక్కడుండి చదువుకునేవారు. నేను నెలనెలా చూసే వాగు నీళ్ళే పైపులో ఆ హాస్టల్‌కి వచ్చేవి. అందుకని ఆ వాగు దగ్గర నేను కొంచెం ఎక్కువే భయపడేదాన్ని.

ఆ రోజు పొద్దున్న జీపు కొండ ఎక్కుతుండగా రత్నం ఫోను చేసింది.

"అక్కా, ఎక్కడున్నావు?"

"కొండెక్కతన్నాం. ఏటి?"

"దిగినప్పుడు ఇటే వచ్చీ. చేపలు దొరికినాయి. పులుసు పెడతన్నాను."

"ఎక్కడివే?"

"ఎవరో సైకిలు మీద తెచ్చినాడు. కొండ చేపలట. ఊరికే తీసుకోలేదులే, నేను చూసే తీసుకున్నాను. మొప్పలు ఎర్రగా ఉన్నాయి, కళ్ళు మెరుత్తన్నాయి. మీ సాక్చి బజారు ఐసు చేప కాదు."

మాది భీమిలి వైపు. నాన్నగారు ఇక్కడ కర్మాగారంలో పనికి వచ్చి ఎంతకాలమైనా, మా ఇంట్లో చేప కొనడమంటే పెద్ద పరీక్ష. అమ్మ మొప్ప ఎత్తి చూసేది, వేలితో నొక్కి చూసేది, వాసన చూసేది. మా ఇద్దరికీ అదే అలవాటు. మొప్ప ఎర్రగా ఉంటే మాకింక అనుమానం ఉండదు. హిందీవాళ్ళు చేప కొనడం చూసి మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం కూడా.

నాకు పులుసు మీదకి మనసు పోయింది. "నాకు తల ఉంచు," అని ఫోను పెట్టేశాను.

జీపు దిగి నేనూ, డ్రైవరు అప్పారావూ వాగు దాకా నడిచాం. అప్పారావు వాళ్ళ నాన్న టాటానగర్ రైల్వేలో పనిచేసేవాడు. అతను నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. రాయి మీద కూర్చుని ఖైనీ నలుపుకుంటున్నాడు. నేను వాగులో దిగి మొదటి రాయి తిరగేశాను.

గూళ్ళున్నాయి. బాగానే ఉన్నాయనుకున్నాను. వేలు తగిలేసరికి ఒకటి దొర్లిపోయింది. ఇంకోటీ దొర్లిపోయింది. బతికున్న పురుగైతే రాతిని పట్టుకుని ఉంటుంది, అలా దొర్లదు. చేతిలోకి తీసుకుని మూతి చూశాను. ఖాళీ. మరొకటి చూశాను, అదీ ఖాళీ. రెక్కలొచ్చి ఎగిరిపోయాయా అంటే, అలా ఎగిరే ముందు గూటికి మూత పెట్టుకుంటాయి. వీటికి మూతలు పెట్టిన గుర్తే లేదు.

అప్పుడు కింద ఇసుక చూశాను. పసుపుపచ్చని మెత్తటి పురుగులు, ఒంటి మీద గూడు లేకుండా, ఇసుక మీద ముడుచుకుని పడి ఉన్నాయి. కొన్ని ఇంకా మెలికలు తిరుగుతున్నాయి. గూటిపురుగు తన గూడు వదిలి బయటికి రాదు. మనం లాగినా రాదు, గూటితోపాటు నలిగిపోతుంది గానీ రాదు. లోపల ఉండలేని మంట ఏదో పుడితేనే అలా బయటికొస్తుంది. అది నరాల మీద పనిచేసే విషమై ఉండాలి.

"ఏటి మేడంగారూ, అలాగయిపోనారు?" అన్నాడు అప్పారావు.

నేను ఎగువకి నడిచాను. మడుగు దగ్గర రాళ్ళ సందున ఒక ప్లాస్టిక్ మూత కనిపించింది. డబ్బా లేదు. మూత ముక్కు దగ్గర పెట్టుకుంటే పొలాల్లో కొట్టే పురుగుమందు వాసన. మడుగులో ఎప్పుడూ తిరిగే చేపలు ఒక్కటీ లేవు. ఒడ్డున మాత్రం వేలెడు పిల్ల చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. పెద్దవాటిని ఏరుకుని, అక్కర్లేనివి వదిలేసిపోయారు.

మందు పోస్తే చేప తేలుతుంది. అప్పుడే తేలిన చేప తాజాగానే ఉంటుంది. మొప్పలు ఎర్రగానే ఉంటాయి.

పై ప్రాణాలు పైనే పోయాయి.

దారికి అడ్డంగా

ఫోను తీస్తే సిగ్నల్ లేదు. కింది మలుపులు దాటితే ఆ కొండ మీద ఎప్పుడూ ఉండదు. సీసాలో నీళ్ళు ముంచుకుని, రాళ్ళ మీద జారుతూ పరుగెత్తాను. అప్పారావుకి పరుగులోనే సంగతి చెప్పాను. అతని మొహం పాలిపోయింది.

"పొద్దున్న కొండ కింద ఖైనీ కోసం జీపు దిగినప్పుడు ఆడు నాకు కనబడ్డాడమ్మా. గంప ఊపి హాస్టలెటు అని అడిగితే నానే సూపించినాను," అన్నాడు.

జీపు ఎక్కి రెండు మలుపులు తిరిగామో లేదో, అప్పారావు బ్రేకు వేసి ఇంజను ఆపేశాడు. దారికి అడ్డంగా ఏనుగు నిలబడి ఉంది. దాని కాళ్ళ మధ్యలోంచి పిల్ల తొంగి చూస్తోంది. వెదురుపొదలో ఇంకా ఉన్నాయి, కొమ్మలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"గణేశ్ బాబా," అని గొణిగాడు అప్పారావు. ఇక్కడ అడవిలో ఏనుగుని దాని పేరుతో పిలవరు.

"హారను కొట్టు."

"పిల్లతో ఉన్నాది మేడంగారూ. కొడితే జీపుతోపాటు మనల్ని కూడా తొక్కీత్తాది."

నాకు ఏనుగులంటే మామూలుగా ముచ్చెమటలు పోస్తాయి. ఆ రోజు మాత్రం ఏనుగు భయం పక్కకి తప్పుకుంది. నా కళ్ళ ముందు మా రత్నం గరిటె తిప్పుతోంది. పులుసు కాగుతోంది. పిల్లలు బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆ కుళాయి నీళ్ళు కూడా ఈ వాగువే కదా అని గుర్తొచ్చి మరో భయం పట్టుకుంది. ప్రార్థన చేద్దామంటే ఒక్క వాక్యం కూడా నోటికి రాలేదు. "ప్రభువా, దాన్ని కదుపు," అని మాత్రం అనుకుంటూ కూర్చున్నాను.

ఆ ఏనుగు తీరిగ్గా దుమ్ము తీసుకుని వీపు మీద పోసుకుంది. పిల్లకి కూడా పోసింది. నాకు దాని మీద పట్టరాని కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎంతసేపున్నామో నాకు తెలీదు. చివరికి ఎవరో పిలిచినట్టు అది పక్కకి తిరిగి పొదలోకి వెళ్ళింది.

కింద మలుపులో సిగ్నల్ అందింది. ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. భోజనాల వేళ ఫోను గదిలో పెట్టేయాలన్నది రత్నం పెట్టిన నియమమే. మళ్ళీ చేశాను, మళ్ళీ మోగింది.

వేళ్ళ వాసన

గేటు దగ్గర జీపు ఆగేసరికి లోపల్నుంచి పాట వినిపించింది. అన్నానికి ముందు పాడే పాట అది, చివరి చరణం. పాట అయితే ఆమెన్, ఆమెన్ అయితే ముద్ద. నా వయసులో నేనలా పరుగెత్తగలనని నాకే తెలీదు.

"తినకండి. ఎవరూ నోట్లో పెట్టకండి. మత్ ఖావో."

పిల్లలంతా చాపల మీద వరసగా కూర్చుని ఉన్నారు. కంచాల్లో అన్నం, అన్నం మీద పులుసు. నా అరుపుకి కొందరు జడుసుకుని ఏడ్చారు.

రత్నం గరిటెతో ఎదురొచ్చింది. "ఏటక్కా ఇది? పిల్లలు జడుసుకున్నారు చూడు."

"ఆ చేపలు మందు పోసి పట్టినవే. పిల్లలెవరైనా తిన్నారా?"

"ఎవరూ తినలేదు. ఇప్పుడే వడ్డించినాం. మందేటి? నేను మొప్పలు చూసినాను కదా."

నేను ఎవరి మాటా నమ్మలేదు. ప్రతి పిల్లనీ చెయ్యి చాపమన్నాను. వంగి వంగి ఒక్కొక్కరి వేళ్ళూ వాసన చూశాను. సబ్బు వాసన, మట్టి వాసన, ఒక పిల్ల చేతికి చింతకాయ వాసన. పులుసు వాసన ఎవరి చేతికీ లేదు. పిల్లలు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చివరి పిల్ల చెయ్యి వదిలేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. కుళాయి కట్టేయించి, కంచాలు తీయిస్తూ వెనక్కి తిరిగాను.

రత్నం గోడ పట్టుకుని నిలబడి ఉంది. నుదుటి మీద చెమట. నోట్లోంచి లాలాజలం కారుతుంటే కొంగుతో తుడుచుకుంటోంది.

"నువ్వు తిన్నావా?"

"పిల్లల కన్నా ముందు వార్డెను తినాలి కదక్కా. ఉప్పూ పులుపూ చూసి, బాగుందని ఇంకో ముక్క వేసుకున్నాను."

మా చర్చివాళ్ళ హాస్టళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అది. వండినది పిల్లలకి పెట్టే ముందు వార్డెను తిని చూడాలి. ఏళ్ళ తరబడి అది ఉప్పు చూడ్డానికే అనుకున్నాం, ఆ పద్ధతి దేనికోసం పుట్టిందో అందరం మర్చిపోయాం.

డాక్టరు అడిగిన ప్రశ్న

జీపులో రత్నం తల నా ఒళ్ళో ఉంది. సాక్చి దగ్గర ఆటోల మధ్య ఇరుక్కున్నాం. అప్పారావు కిందకి దిగి, దండాలు పెట్టి దారి చేయించాడు. రత్నం చెయ్యి నా చేతిలో సన్నగా అదురుతోంది. కండలు వాటంతటవే కదులుతున్నాయి. పొద్దున్న ఇసుక మీద చూసిన మెలికలు గుర్తొచ్చాయి. వద్దనుకున్నా అవే గుర్తొచ్చాయి.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు, "ఏ విషం? పేరు చెప్పండి," అని హిందీలో అడిగాడు. డబ్బా దొరకలేదు, పురుగుమందని తప్ప పేరు తెలీదు. తెలిసింది చెప్పాను. గూటిపురుగులు గూళ్ళు వదిలి బయటికొచ్చాయని, మెలికలు తిరుగుతూ చస్తున్నాయని, చేపలు తేలాయని. నర్సు నా వైపు వింతగా చూసింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. టార్చి వేసి రత్నం కళ్ళు చూశాడు. కంటిపాపలు ఆవగింజంతయ్యాయి. అతను గబగబా ఏదో ఇంజెక్షను పేరు చెప్పాడు, నర్సు పరుగెత్తింది. నన్ను బయటికి పంపేశారు.

బయట బెంచీ మీద కూర్చుంటే ఘోష్ సారు వచ్చాడు. అప్పారావు తీసుకెళ్ళిన సీసా ఆయనే స్వయంగా పరీక్షించాడట. ఏమీ లేదు, శుభ్రంగా ఉంది అన్నాడు. చెప్తూ చెప్తూ నా మొహం చూసి ఆగిపోయాడు. తలుపు అవతల మా చెల్లెలి గొంతులో గొట్టం వేస్తున్నారు. ఆయన నా పక్కనే కూర్చుని, తెల్లారేదాకా ఇంటికి వెళ్ళలేదు. ఆయన్ని నేను ఆ రోజు నుంచి తిట్టలేదు. ఆ సీసా తప్పు చెప్పలేదు. మేం అడగడం ఆలస్యమైంది, అప్పటికే విషం దిగువకి వెళ్ళిపోయింది.

రత్నం బతికింది. చాలా రోజులు పట్టింది గానీ బతికింది. చేపలమ్మినవాడు దొరకలేదు.

కుళాయి దగ్గర

వాగు కోలుకోడానికి ఒక వర్షాకాలం గడవాల్సి వచ్చింది. అంతవరకూ హాస్టల్‌కి ట్యాంకరు నీళ్ళే. ఆ ట్యాంకరు ఒక రోజు వస్తే రెండు రోజులు రాదు. ఇలాగైతే హాస్టల్ మూసేసి పిల్లల్ని ఇళ్ళకి పంపేస్తామని కమిటీవాళ్ళు చెప్పేశారు. అలా వెళ్ళిన ఆడపిల్లలు మళ్ళీ బడికి రారని రత్నానికి తెలుసు. రోజూ ఫోను చేసి ఒకటే అడిగేది: "నీ పురుగులొచ్చినాయా అక్కా?"

చలి మొదలయ్యాక వచ్చాయి. విషం తాకని ఎగువ పాయల్లోంచి కొట్టుకొచ్చిన చిన్నచిన్న పిల్లపురుగులు కొత్త గూళ్ళు కట్టుకుంటున్నాయి. అయినా నేను వెంటనే చెప్పలేదు. పెరిగేదాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళి రాళ్ళు తిరగేశాను. ప్రతి గూటినీ చూశాను. ఖాళీ గూడు లెక్కలోకి రాదని మీరు కూడా గుర్తుపెట్టుకోండి. గూడు కాదు, తల కనిపించాలి.

కుళాయి తెరిచే రోజున ఘోష్ సారు కాగితం ఇచ్చాడు, నీళ్ళు మంచివని. పైపులూ ట్యాంకూ కడిగించాం. కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా వచ్చాయి. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ ముందుకి రాలేదు. రత్నం గుమ్మంలోనే ఆగిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అది ఏది నోట్లో పెట్టుకోవాలన్నా అలాగే ఆగిపోయేది.

అందరూ నా వైపు చూస్తున్నారు. ఆ రోజు నేనొస్తూనే వాళ్ళ కంచాలు లాగేసినదాన్ని కదా.

గ్లాసు పట్టి నింపాను. ఆ పొద్దున్నే వాగులో పురుగుల్ని చూసి వచ్చాను. నేర్చుకున్న చదువంతా ఈ నీళ్ళు మంచివనే చెప్తోంది. అయినా చెయ్యి వణికింది. ఇన్నేళ్ళు ఎంతమందికి తాగండి అని రాసిచ్చానో, ఎప్పుడూ ఇలా వణకలేదు. అప్పుడు తాగింది నేను కాదు కాబట్టి.

కళ్ళు మూసుకుని తాగాను. సగం తాగేసరికి గ్లాసు మీద ఇంకో చెయ్యి పడింది.

"చాల్లే. మిగతాది నాకియ్యి," అంది రత్నం. పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఆపకుండా తాగేసి, మూతి తుడుచుకుని నా పక్కన నిలబడింది. పిల్లలు మా ఇద్దరి మొహాలూ చాలాసేపు చూశారు. తర్వాత ఒక చిన్నపిల్ల లోపలికి వెళ్ళి తన గ్లాసు తెచ్చుకుని కుళాయి కింద పెట్టింది.

ఆగమని నా నోటిదాకా మాట వచ్చింది. మింగేశాను.